ఆకు వెలుతురును ఎక్కడ దాస్తుంది?

బయాలజీ పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ బొమ్మ చూసినప్పుడల్లా నాకు ఒక బాణం దగ్గర అనుమానం వస్తుంది. ఎడమవైపు సూర్యుడు, కుడివైపు ఏటీపీ (కణం తన పనులకు శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు), మధ్యలో వంకర బాణం. కింద ‘కాంతిశక్తి రసాయనశక్తిగా మారును’ అని ఒక ముక్క. మారుతుంది సరే, ఎలా మారుతుంది? చెన్నైలో మా అపార్ట్‌మెంట్‌లో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య ఇదే నిలదీసింది: “దాచుకుంటుంది అంటారు కదా అంకుల్, ఎక్కడ దాచుకుంటుంది? డబ్బా ఏదీ?”

ఆ అమ్మాయి అడిగిన డబ్బా కోసమే 1950ల్లో పెద్ద పెద్ద ల్యాబులు వెతికాయి. వెలుతురులో పుట్టి, ఏటీపీకి శక్తిని అందించి మాయమయ్యే ఏదో ఒక పదార్థం ఉండి తీరాలని అందరి నమ్మకం. ఏళ్ల తరబడి ఆకుల్ని రుబ్బారు, వడగట్టారు, విడగొట్టారు. ఆ పదార్థం దొరకలేదు. అలాంటిది లేదు కాబట్టే దొరకలేదు. ఉన్నది ఒక పల్చటి పొర. దానికి అటూ ఇటూ రెండు పక్కలు. ఆ రెండు పక్కల మధ్య ఉన్న తేడాయే దాచుకున్న శక్తి.

అసలు ఆ పొర ఎక్కడుంటుందో చూద్దాం. ఆకు కణంలో పచ్చటి హరితరేణువులు ఉంటాయి, ఒక్కోటి సుమారు 5 మైక్రోమీటర్లు. వాటి లోపల థైలకాయిడ్లు అనే చదునైన సంచులు, చాలాచోట్ల దొంతరలుగా పేర్చి ఉంటాయి. సంచి గోడే మన పొర. మందం సుమారు 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును రెండు లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. సంచి లోపలి ఇరుకు చోటును ల్యూమెన్ అంటారు, సంచి చుట్టూ ఉండే ద్రవాన్ని స్ట్రోమా అంటారు. పత్రహరితం ఉండేది ఈ గోడలోనే. చక్కెర తయారయ్యేది మాత్రం బయట స్ట్రోమాలో.

ఇక్కడి నుంచి కథంతా ‘ఏ పక్క’ అన్నదాని మీదే నడుస్తుంది. పొరలో వెలుతురును పట్టే ప్రోటీన్ల ముఠాలు రెండున్నాయి, ఫోటోసిస్టమ్ 2, ఫోటోసిస్టమ్ 1. వెలుతురు తగిలి ఫోటోసిస్టమ్ 2లోని పత్రహరితం ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్ పొరను అడ్డంగా దాటి స్ట్రోమా వైపు చేరుతుంది. ఇక్కడ ఖాళీ అయిన చోటును నింపడానికి నీటి అణువును విడగొట్టాలి. నాలుగు మాంగనీస్, ఒక కాల్షియం, అయిదు ఆక్సిజన్ పరమాణువులున్న చిన్న గుత్తి ఒకటి ఆ పని చేస్తుంది. ఆ గుత్తి ఉన్నది ల్యూమెన్ వైపు. అందుకని రెండు నీటి అణువులు విడిపోతే వచ్చే నాలుగు ప్రోటాన్లు (అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న హైడ్రోజన్లు) లోపలే పడతాయి. ఆక్సిజన్ బయటికి పోతుంది, మనం పీలుస్తాం. ఆకు లెక్కలో అది పనికిరాని సరుకు.

అక్కడి నుంచి ఎలక్ట్రాన్‌ను మోసుకుపోయేది ప్లాస్టోక్వినోన్ అనే కొవ్వులాంటి చిన్న అణువు. దీనికి ఒక అలవాటుంది. రెండు ఎలక్ట్రాన్లు ఎత్తుకుంటే వాటికి జోడీగా రెండు ప్రోటాన్లు కూడా కావాలి. వాటిని స్ట్రోమా వైపు నుంచి తీసుకుంటుంది. పొరలో ఈదుకుంటూ వెళ్లి సైటోక్రోమ్ బీ6ఎఫ్ అనే ప్రోటీన్ల ముఠా దగ్గర ఎలక్ట్రాన్లను అప్పజెప్పి, ప్రోటాన్లను ల్యూమెన్ వైపు వదిలేస్తుంది. అంటే బయటి ప్రోటాన్ లోపలికొచ్చింది. ఇక్కడ ఒక తిరకాసు కూడా ఉంది. వచ్చిన రెండు ఎలక్ట్రాన్లలో ఒకటి ముందుకు పోతుంది, రెండోది వెనక్కి మళ్లి ఇంకో ప్లాస్టోక్వినోన్‌ను నింపడానికి వెళ్తుంది. దీని పేరు క్యూ సైకిల్. దీనివల్ల ఒక్కో ఎలక్ట్రాన్‌కు ఒకటి కాకుండా రెండు ప్రోటాన్లు దాటుతాయి. ముందుకు పోయిన ఎలక్ట్రాన్‌ను రాగి ఉన్న ప్లాస్టోసయనిన్ ఫోటోసిస్టమ్ 1 దగ్గరికి చేరుస్తుంది. అక్కడ రెండోసారి వెలుతురు దెబ్బ తగులుతుంది, చివరికి ఎలక్ట్రాన్ ఎన్‌ఏడీపీహెచ్‌గా (చక్కెర తయారీకి ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువు) స్ట్రోమాలో తేలుతుంది.

లెక్క చూస్తే ఒక ఆక్సిజన్ అణువు బయటికి రావడానికి కనీసం ఎనిమిది ఫోటాన్లు, అంటే వెలుతురు రేణువులు, కావాలి. ఆ ఎనిమిదింటి కష్టంతో లోపల చేరే ప్రోటాన్లు పన్నెండు: నీటి నుంచి నాలుగు, ప్లాస్టోక్వినోన్ మోసుకొచ్చినవి ఎనిమిది. పులుపును కొలిచే అంకె పీహెచ్: ప్రోటాన్లు ఎక్కువైతే పులుపు పెరుగుతుంది, అంకె తగ్గుతుంది. చీకట్లో పొరకు రెండు పక్కలా పీహెచ్ ఇంచుమించు ఒకటే, 7 దగ్గర. ఎండ తగలగానే స్ట్రోమా 8 వైపు జరుగుతుంది, ల్యూమెన్ 6 దగ్గరికి, ఎండ మండితే ఇంకా కిందికి దిగుతుంది. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే ప్రోటాన్ల సాంద్రతలో పది రెట్ల తేడా.

చెన్నైలో ఉండేవాళ్లకు దీన్ని చెప్పడం సులువు. కింద సంప్, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. కరెంటు ఖర్చుపెట్టి నీళ్లు పైకెక్కిస్తాం, తర్వాత ఏ కొళాయి తిప్పినా అవే దిగుతాయి. వెలుతురే కరెంటు, ఎలక్ట్రాన్ల వరసే మోటారు, ల్యూమెనే పై ట్యాంకు. ఇంతవరకు పోలిక బాగానే ఉంది. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయని తొంగి చూసినప్పుడే చిక్కొస్తుంది.

తొంగి చూద్దాం. 400 నానోమీటర్ల వెడల్పు, లోపల 5 నానోమీటర్ల ఎడం ఉన్న ఒక గుండ్రటి సంచిని తీసుకోండి. లోపలి పరిమాణం సుమారు ఆరు లక్షల ఘన నానోమీటర్లు. పీహెచ్ 6 అంటే లీటరుకు పది లక్షలో వంతు మోల్ స్వేచ్ఛగా తిరిగే ప్రోటాన్లు. గుణించి చూస్తే ఆ సంచిలో ఉండాల్సిన ప్రోటాన్లు సగటున 0.4. ఒక్కటి కూడా పూర్తిగా లేదు! తప్పు చేశారేమోనని మీరు కూడా ఒకసారి కాగితం మీద వేసి చూసుకోండి, ఆ అంకే వస్తుంది.

మరి ఏటీపీకి కావాల్సిన ప్రోటాన్లు ఎక్కడివి? అవి నీళ్లలో తేలడం లేదు. ల్యూమెన్‌లోకి వచ్చిన ప్రోటాన్లలో దాదాపు అన్నీ వెంటనే ఏదో ఒక ప్రోటీన్ మీది ఆమ్ల గుంపులకు అతుక్కుపోతాయి, ఒకటి ఊడితే ఇంకొకటి ఆ చోట్లో కూర్చుంటుంది. గోడల నిండా అలాంటి చోట్లే. పైగా ఈ సంచులు విడివిడిగా లేవు, దొంతర మొత్తంలో, దొంతరకూ దొంతరకూ మధ్య కూడా లోపలి చోటు కలిసే ఉంటుంది. కాబట్టి 6 అనేది నిలవ ఎంతుందో చెప్పే అంకె కాదు. లోపలున్న ప్రోటాన్ బయటికి పోవడానికి ఎంత తహతహలాడుతోందో చెప్పే అంకె. శక్తి ఉన్నది ఆ తహతహలోనే, సరుకు పరిమాణంలో కాదు.

తేడాలో రెండో భాగం కరెంటుది. ప్లస్ ఆవేశం లోపలికి చేరితే పొర మీద వోల్టేజీ పుడుతుంది. 50 మిల్లీవోల్టులే అనుకోండి, వినడానికి ఏమీ అనిపించదు. కానీ పొర మందం 5 నానోమీటర్లు కదా, మీటరు లెక్కన చూస్తే కోటి వోల్టులు. గాలిలో మెరుపు రవ్వ పుట్టడానికి మీటరుకు 30 లక్షల వోల్టులు చాలు. ఆ ఒత్తిడికి పొరలోని రంగు అణువులు గ్రహించే కాంతి కూడా కాస్త పక్కకు జరుగుతుంది. 1968లో బెర్లిన్‌లో యుంగే, విట్ దీన్నే వోల్ట్‌మీటరుగా వాడుకున్నారు. 515 నానోమీటర్ల దగ్గర ఆకు గ్రహించే కాంతిలో మార్పును కొలిస్తే పొర మీది వోల్టేజీ తెలిసిపోతుంది. అయితే ఎండ నిలకడగా ఉంటే ఈ వోల్టేజీ ఎక్కువసేపు నిలవదు. క్లోరైడ్, మెగ్నీషియం, పొటాషియం అయాన్లు అటూ ఇటూ జరిగి దాన్ని తగ్గించేస్తాయి. చివరికి హరితరేణువులో మిగిలేది చాలావరకు పీహెచ్ తేడాయే. మన ఒంట్లోని మైటోకాండ్రియాలో దీనికి తలకిందులు, అక్కడ ఎక్కువ భాగం వోల్టేజీ.

ఇదంతా మొదట ఊహించినవాడు పీటర్ మిచెల్ అనే ఇంగ్లీషాయన, 1961లో. అనారోగ్యంతో యూనివర్సిటీ ఉద్యోగం మానేసి, కార్న్‌వాల్‌లో గ్లిన్ హౌస్ అనే పాత బంగళాను బాగుచేయించి, అందులోనే ల్యాబ్ పెట్టుకున్నాడు. జెన్నిఫర్ మోయిల్ ఆయనతో కలిసి పనిచేసింది. చాలాకాలం ఆయన మాట ఎవరికీ మింగుడుపడలేదు. అందరూ అణువు కోసం వెతుకుతుంటే ఈయనేమో ‘అణువు లేదు, పొర చిల్లు పడకుండా ఉంటే చాలు’ అన్నాడు. కానీ ఆ ఒక్క మాటతో ఎన్నో ముడులు విడిపోయాయి. అమ్మోనియా, డైనైట్రోఫినాల్ లాంటి ఒకదానికొకటి పోలికే లేని రసాయనాలు ఏటీపీ తయారీని ఆపేస్తాయి, ఎలక్ట్రాన్ల పరుగును మాత్రం ఆపవు. ఎందుకో అంతకుముందు ఎవరికీ అర్థం కాలేదు. మిచెల్ లెక్కలో అది చిన్న విషయం: అవన్నీ ఏదో ఒక దారిన పొరకు రెండు పక్కల తేడాను చెరిపేస్తాయి, అంతే.

దీన్ని తేల్చిన ప్రయోగం 1966లో వచ్చింది. ఆండ్రీ జాగెండార్ఫ్, ఎర్నెస్ట్ యురైబ్ పాలకూర హరితరేణువుల్ని చీకట్లో పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో నానబెట్టారు, సంచుల లోపలికి పులుపు ఎక్కేదాకా. తర్వాత ఒక్కసారిగా పీహెచ్ 8 ద్రవంలోకి మార్చారు. అందులో ఏటీపీకి ముడిసరుకులైన ఏడీపీ, ఫాస్ఫేటు సిద్ధంగా ఉన్నాయి. ఏటీపీ తయారైంది. వెలుతురు లేదు, ఎలక్ట్రాన్ల పరుగు లేదు. లోపల పులుపు, బయట క్షారం, ఈ తేడా ఒక్కటే ఉంది. నాకు జీవశాస్త్రంలో ఇంతకంటే పొదుపైన ప్రయోగం గుర్తురావడం లేదు. (అన్నట్టు, మన మార్కెట్లో పాలకూర అని కట్టలు కట్టి అమ్మేదాంట్లో చాలావరకు బీట్‌రూట్ చుట్టం. వాళ్లు వాడింది అసలు స్పినాచ్.)

ఇంకా అనుమానం ఉన్నవాళ్ల నోరు మూయించింది 1974 ప్రయోగం. చెన్నై నుంచి ఓఎమ్మార్ రోడ్డు మీదుగా కేళంబాక్కం దాకా వెళ్తే ఉప్పు మడులు కనిపిస్తాయి. ఎక్కడైనా సరే, మడిలో ఉప్పు బాగా చిక్కబడితే నీళ్లకు ఎర్రటి ఛాయ వస్తుంది. ఆ రంగు ఉప్పును తట్టుకునే సూక్ష్మజీవులది. వాటిలో హాలోబ్యాక్టీరియం అనే జాతి పొరలో ఊదారంగు ప్రోటీన్ ఒకటి ఉంటుంది. వెలుతురు పడితే అది ప్రోటాన్లను తోస్తుంది, ఇంకేమీ చేయదు. ఎఫ్రాయిమ్ రాకర్, వాల్తర్ స్టోకెనియస్ ఆ ప్రోటీన్‌నూ, ఎద్దు గుండెలోని మైటోకాండ్రియా నుంచి తీసిన ఏటీపీ తయారుచేసే ప్రోటీన్‌నూ కలిపి సోయా కొవ్వుతో చేసిన చిన్న చిన్న బుడగల్లో కూర్చారు. లైటు వేశారు. ఏటీపీ వచ్చింది. ఉప్పు మడిలోని జీవికీ ఎద్దుకూ ఏ సంబంధమూ లేదు, ఆ రెండు ప్రోటీన్లు చేతులు కలిపే అవకాశమే లేదు. వాటి మధ్య ఉన్నది ప్రోటాన్లే. 1978లో మిచెల్‌కు నోబెల్ వచ్చింది.

ప్రోటాన్లు తిరిగి బయటికి రావడానికి ఉన్న దారి ఏటీపీ సింథేజ్, అంటే ఏటీపీని తయారుచేసే ప్రోటీన్ యంత్రం. దీని కింది సగం పొరలో దిగి ఉంటుంది, తలకాయ స్ట్రోమాలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. తలకాయ పెద్దది కాబట్టి సంచులు బిగుతుగా పేర్చిన చోట ఇమడదు. దొంతర అంచుల్లోనూ, విడిగా ఉన్న పొరల్లోనూ మాత్రమే కనిపిస్తుంది. పొరలో ఉన్న భాగం ఒక చక్రం. పాలకూరలో దానికి 14 తునకలు. ఒక్కో ప్రోటాన్ ఒక్కో తునక మీద ఎక్కి, దాదాపు పూర్తి చుట్టు తిరిగి, బయట దిగుతుంది. చక్రంతోపాటు మధ్యలోని కాడ తిరుగుతుంది, అది తలకాయను మూడుచోట్ల నొక్కుతుంది, ఒక చుట్టుకు మూడు ఏటీపీలు రాలతాయి. ఇది అలంకారంగా చెప్పే మాట కాదు, నిజంగానే తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు బ్యాక్టీరియా నుంచి తీసిన ఇలాంటి తలకాయలోని కాడకు మెరిసే పోగును అతికించి, అది తిరగడం మైక్రోస్కోపులో చూశారు. ఈ యంత్రం గుట్టు విప్పినందుకు పాల్ బోయర్, జాన్ వాకర్‌లకు అదే ఏడాది నోబెల్.

పద్నాలుగు ప్రోటాన్లకు మూడు ఏటీపీలు, అంటే ఒక్కో ఏటీపీకి 4.67. ఈ దశాంశంలోనే మిచెల్ ఆలోచన గొప్పతనం ఉంది. అణువుతో అణువు చేసే బేరమైతే లెక్క పూర్ణసంఖ్యల్లోనే తేలాలి, ఒకటికి ఒకటి, రెండుకు ఒకటి. మధ్యలో ఉమ్మడి నిధి ఒకటి ఉంది కాబట్టే ఏ ఫోటాన్ ఎంత వేసింది, ఏ ఏటీపీ ఎంత తీసింది అన్నది ఒకదానికొకటి సరిపోవాల్సిన పనిలేదు. ఎవరి దారిన వాళ్లు వేస్తారు, ఎవరి దారిన వాళ్లు తీస్తారు.

ఈ నిధిలో నిజంగా ఎంత పడుతుంది? ఎర్రటి కాంతి ఫోటాన్లు ఎనిమిది మోల్‌ల శక్తి దాదాపు 1400 కిలోజౌళ్లు. పన్నెండు ప్రోటాన్లు, పీహెచ్ తేడా 2.5 అనుకుంటే పొర మీద దాచింది సుమారు 170. ఎనిమిదో వంతు. దానికంటే ఎక్కువే ఎన్‌ఏడీపీహెచ్‌లోకి పోతుంది, బోలెడంత వేడిగా పోతుంది. పైగా ఆ పన్నెండు ప్రోటాన్లతో వచ్చేది 2.6 ఏటీపీలే, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును చక్కెరలోకి చేర్చడానికి కావాల్సింది 3. ఈ లోటును పూడ్చడానికి ఫోటోసిస్టమ్ 1 దగ్గరికి చేరిన కొన్ని ఎలక్ట్రాన్లను ఆకు మళ్లీ వెనక్కి, ప్లాస్టోక్వినోన్ దగ్గరికి తిప్పుతుంది. వాటితో ఎన్‌ఏడీపీహెచ్ రాదు, ఆక్సిజన్ రాదు, ప్రోటాన్లు మాత్రం దాటుతాయి.

నిలవ సంగతికొస్తే, ఇది రేపటికి దాచే సొమ్ము కాదు. లైటు ఆపితే పొర మీది తేడా సెకన్లలో, మహా అయితే నిమిషాల్లో కరిగిపోతుంది. ఏటీపీ కూడా అంతే, పుట్టగానే ఖర్చయిపోతుంది. రాత్రికి పనికొచ్చేది పిండిపదార్థం, స్కూల్లో అయోడిన్ వేసి నీలం రంగు చూపించేది అదే. చీకటి పడ్డాక ఏటీపీ సింథేజ్ వెనక్కి తిరిగి ఉన్న ఏటీపీని తినేయకుండా దాని కాడలో ఒక గంధకపు బంధం పడుతుంది. పొద్దున వెలుతురు వచ్చాక ఆ బంధం తెగుతుంది, యంత్రం మళ్లీ వదులవుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి, పుస్తకాలు చివరి పేరాలో సర్దేసే సంగతి ఒకటుంది. ఈ పులుపు శక్తి మాత్రమే కాదు, ఆకుకు అదే మీటరు. మే నెల కత్తిరి ఎండలో డాబా మీది కుండీలో ఉన్న ఏ మొక్కనైనా తీసుకోండి. ఆ ఎండలో చాలా ఆకులు సగం కూడా వాడుకోలేవు. నీరు పోతుందని ఆకు రంధ్రాలు మూసుకుంటే కార్బన్ డయాక్సైడ్ రాదు, చక్కెర తయారీ ఆగుతుంది, ఏటీపీ ఖర్చు కాదు, ఏడీపీ దొరక్క సింథేజ్ నెమ్మదిస్తుంది. వెలుతురు మాత్రం ఆగదు కదా, ప్రోటాన్లు లోపల పేరుకుపోతాయి. ల్యూమెన్ ఇంకా పులుస్తుంది. ఆ పులుపుకు మూడు పనులు జరుగుతాయి. బీ6ఎఫ్ నెమ్మదిస్తుంది. పీఎస్‌బీఎస్ అనే ప్రోటీన్ ప్రోటాన్లను అందుకుని, పత్రహరితం పట్టిన శక్తిని వేడిగా వదిలేసే దారి తెరుస్తుంది. ఇంకో ఎంజైము మేల్కొని వయోలాజాంథిన్ అనే రంగును జియాజాంథిన్‌గా మారుస్తుంది. మొక్కజొన్న గింజల పసుపు రంగులో కూడా జియాజాంథిన్ ఉంటుంది. అది ఉంటే వేడిగా వదిలే పని ఇంకా జోరందుకుంటుంది.

ఈ బ్రేకు లేకపోతే ఏమవుతుందో పొలాల్లో కొట్టే కలుపు మందును చూస్తే తెలుస్తుంది. మొక్కజొన్నలో వాడే అట్రజిన్ ఫోటోసిస్టమ్ 2లో ప్లాస్టోక్వినోన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. ఎలక్ట్రాన్లు కదలవు, ప్రోటాన్లు దాటవు, పులుపు పెరగదు కాబట్టి బ్రేకు కూడా పడదు. పట్టిన వెలుతురు ఎటూ పోలేక ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది, అది పొరల్నే కాల్చేస్తుంది. కలుపు మొక్క ఆకలితో చచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు, ఎండే దాన్ని మాడుస్తుంది. మొక్కజొన్న ఆ మందును విరిచేసుకోగలదు కాబట్టి బతుకుతుంది.

బ్రేకుకు ఒక లోపం ఉంది. వేయడం తొందరగానే వేస్తుంది, తీయడమే ఆలస్యం. మబ్బు కమ్మి వెలుతురు తగ్గినా, జియాజాంథిన్ వెనక్కి మారడానికి చాలా నిమిషాలు పడుతుంది. ఆ కాసేపూ ఆకు ఉన్న కొద్ది వెలుతురును కూడా వేడిగా పారబోస్తూనే ఉంటుంది. 2016లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ బృందం పొగాకులో ఈ బ్రేకుకు సంబంధించిన మూడు జన్యువుల మోతాదు పెంచి, అది తొందరగా వదిలేలా చేసింది. పొలంలో మొక్కల బరువు సుమారు 15 శాతం పెరిగింది. తిండి కొరత తీరే దారి దొరికిందని పత్రికలు రాశాయి. తొందరపడ్డారనే నా అభిప్రాయం. 2020లో అదే మూడు జన్యువుల్ని ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో పెట్టి చూశారు. బ్రేకు తొందరగానే వదిలింది. మొక్క మాత్రం మామూలు మొక్క కంటే తక్కువే పెరిగింది.